అక్క క్యాలెండర్లో బుధవారం

నాన్నగారి గొంతంటే నాకు భయమని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకి తెలియదు, అక్కకి తెలియదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులో కూడా ఆ మాట ఎప్పుడూ పెట్టలేదు. ఆయన నన్ను ఏనాడూ కొట్టలేదు, గట్టిగా కసిరింది కూడా లేదు. భయం ఆయనంటే కాదు, ఆ గొంతంటేనే. తెల్లవారుతూనే అరుగు మీద కూర్చుని వేదం వల్లె వేసుకుంటుంటే అది గోడల్లోంచి నా ఒంట్లోకి వచ్చేసేది. నేను పుస్తకం పట్టుకుని పెరట్లోంచి కొబ్బరితోటలోకి పోయి, బోదె కాలువ గట్టున కూర్చునేదాన్ని. అక్కడికీ వచ్చేది. నలుగురిలో పేరడిగితే నోరు పెగలని పిల్ల ఇంత గొంతున్న మనిషికి ఎలా పుట్టిందోనని చుట్టాలు నవ్వుకునేవారు.

అక్క అలా కాదు. నాన్నగారి ఎదురుగా ఆయనలాగే బాసింపట్టు వేసుకుని కూర్చుని, స్వరం పైకి వెళ్ళినప్పుడు తల పైకెత్తి, కిందికి దిగినప్పుడు దించుతూ అచ్చం ఆయనలా చేసేది. "ఆడపిల్లవి, నీకెందుకే ఆ వేషాలు?" అని అమ్మ అంటే, "ఉండనీవే, నా శిష్యులందరికంటే దీని తలే సరిగ్గా ఊగుతోంది" అని నాన్నగారు నవ్వేవారు.

మాది కొత్తపేటకి దగ్గరలో కాలువ గట్టు మీద ఊరు. చుట్టుపక్కల ఎక్కడ పెళ్ళయినా, గృహప్రవేశమయినా, పూజ చేయించే పురోహితుడు వేరే ఉన్నా సరే, చివర్లో ఆశీర్వచనం చెప్పడానికి మాత్రం నాన్నగారిని పిలిచేవారు. కొత్త దంపతులు తల వంచి కూర్చుంటే, అక్షింతలు చేత్తో పట్టుకుని ఆయన గొంతెత్తేవారు. షామియానా బయట వంటవాళ్ళు కూడా గరిటెలు ఆపేసేవారు. ఎంతోమంది పిల్లలకి చెప్పిన ఆ ఆశీర్వచనం ఆయన సొంత కూతురికి చెప్పలేదు. అక్క నర్సింగు చదివి గల్ఫ్‌లో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్తానంది. వేదం చదువుకున్న ఇంటిపిల్ల పరాయివాళ్ళ మలమూత్రాలు ఎత్తడమేమిటని ఆయన. రోగికి చేసే సేవలో మైల ఏమిటని అక్క. వెళ్ళే రోజున కాళ్ళకి దణ్ణం పెడితే, "ఊఁ, వెళ్ళిరా" అన్నారు. అంతే. లోపలికి వెళ్ళిపోయారు. ఆ తరవాత రెండేళ్ళు ఇద్దరూ అమ్మ నోటితోనే మాట్లాడుకున్నారు.

నాన్నగారి జబ్బు మొదట పట్టుకున్నది అక్కే. అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ మధ్యలో ఆగి, "అమ్మా, వెనకాల దగ్గుతున్నదెవరు?" అని అడిగింది.

"ఇంకెవరే, మీ నాన్నగారు. కార్తీకమాసం అంతా అరిచేరు కదా, గొంతు రాసుకుపోయింది. మిరియాలపాలు ఇస్తన్నాను."

"అది అరిచిన గొంతు కాదమ్మా. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నా మాట విను."

డాక్టర్లు గొట్టంతో చూసి, ముక్క తీసి పరీక్షకి పంపి, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదు.  నాన్నగారు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక, "పెద్దమ్మాయితో మాట్లాడతానే" అన్నారు అమ్మతో.

మాట్లాడించడం నా పనయింది. ఎందుకంటే నా ఉద్యోగమే అలాంటిది. హైదరాబాదులో ఒక శిక్షణ సంస్థకి ఇంటినుంచి పనిచేస్తాను. ఏ క్లాసు ఎప్పుడో పాఠం చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ క్యాలెండరు ఇన్వైట్లు పంపడం, చేరనివాటిని చేరేలా చూడడం. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, మెయిలు రాస్తే చాలు కాబట్టి నాకు సరిపోయింది. మెయిలు ఎక్కడినుంచి ఎక్కడికైనా చక్కగా వెళ్తుంది. క్యాలెండరు అలా కాదు. నేను పంపే ప్రోగ్రాము ఒకటి, అవతలివాళ్ళది ఇంకొకటి. రెండూ ఒకే భాష మాట్లాడుతున్నట్టే ఉంటాయి కాని ఒకదాని మర్యాదలు ఒకదానికి తెలియవు.

మామూలుగా ఫోను చేస్తే అక్క దొరకదు. డ్యూటీలో ఉన్నంతసేపు ఫోను లాకరులో పెట్టాలి, దిగేసరికి ఇక్కడ రాత్రి బాగా పొద్దుపోయి నాన్నగారు నిద్రపోతారు. అక్కడ వాట్సాప్‌లో మాటలు కలవవు. ఆసుపత్రి మీటింగు లింకు మాత్రం పనిచేస్తుంది. ఆ లింకుతో ఉన్న ఇన్వైటు అక్క ఆసుపత్రి క్యాలెండర్లో కనపడితే, వార్డు చూసే పెద్ద సిస్టరు దాన్ని చూసి, ఆ వేళకి ఇంకొకరిని నిలబెట్టి అక్కని అరగంట వదులుతుంది. అదీ వారానికి ఒకసారి. కాబట్టి ప్రతి బుధవారం సాయంత్రానికి వరసగా వచ్చేలా ఒక ఇన్వైటు తయారుచేశాను. దానికి "నాన్నగారు" అని పేరు పెట్టాను.

మొదటిది చేరనేలేదు. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలగాపులగంగా ఉన్న ఫైలొకటి అక్క మెయిలుకి అంటుకుని వెళ్ళింది. "నాన్నగారితో మాట్లాడించవే అంటే జాతకచక్రం పంపేవేంటే?" అని మెసేజి పెట్టింది. ఫోను నుంచి కాకుండా కంప్యూటరు నుంచి పంపితే ఇన్వైటులాగే వెళ్ళింది. ఈసారి ఇక్కడి సాయంత్రం ఐదు అక్కడ కూడా సాయంత్రం ఐదుగానే కూర్చుంది. గల్ఫ్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఏ దేశపు ఐదో నా ఇన్వైటులో లేదు కాబట్టి, ఆ ప్రోగ్రాము తన దేశపు ఐదే అనుకుంది. ఆ రోజు నాన్నగారు తెర ముందు కూర్చుని కూర్చుని, "ఏ ఊరి సూర్యోదయమో చెప్పకుండా వేళ ఎలా చెప్పేవమ్మా? పంచాంగం చూసేవాడెవడైనా ముందు అదే అడుగుతాడు" అన్నారు. అదీ సరిచేశాను.

మూడోసారి అక్క కనపడింది. తలకి నీలం టోపీ, మెడ కింద మాస్కు. రెండేళ్ళ తరవాత ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. 

"ఏమిటే ఆ టోపీ? గారెలు వండడానికొచ్చినదానిలా ఉన్నావు" అన్నారు నాన్నగారు.

"మరి మీకు గారెలిష్టం కదండీ."

"తినడానికి నోరుంచుతారట. అడగడానికే ఉండదుట."

అక్క నవ్వబోయి మొహం పక్కకి తిప్పుకుంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. నేను తెర వెనకాల నిలబడి, సిగ్నలు ఎలా ఉందో చూస్తున్నట్టు ఉండిపోయాను.

అలా కొన్ని బుధవారాలు గడిచాయి. అయితే నాన్నగారు ఏ వారమూ ఒకే వేళకి కుదరనిచ్చేవారు కాదు. పంచాంగంలో వర్జ్యం, అంటే ఏ మంచిపనీ మొదలుపెట్టకూడని కాసేపు, రోజుకో వేళకి వస్తుంది. బుధవారం ఐదింటికి వర్జ్యముంటే ఆరున్నరకి జరపమనేవారు. నేను ఆ ఒక్క వారం ఇన్వైటుని జరిపేదాన్ని. ఆ మార్పు అక్క ముట్టుకోకుండానే ఆమె క్యాలెండర్లోకి వెళ్ళి కూర్చునేది, పెద్ద సిస్టరు చూసుకునేది. బాగానే నడిచింది.

ఒక వారం నాన్నగారికి జ్వరమొచ్చింది. ఆ బుధవారం వద్దనుకుని, ఆ ఒక్క ఇన్వైటుని రద్దు చేశాను. ఆఫీసులో రోజూ చేసే పనే. కాసేపటికి అమ్మ ఫోను మోగింది. అక్క, మామూలు ఫోను నుంచి, అంత ఖర్చయినా సరే. "అమ్మా, నాన్నగారికేమైంది? నాన్నగారికేమైందమ్మా?" అని ఒకటే ఏడుపు. వార్డు కంప్యూటరు మీద ఆమెకి కనపడిన మెయిలు మొదటి వరసలో, ఆ ప్రోగ్రాము తనంతట తాను చేర్చుకున్న మాటా నేను పెట్టిన పేరూ కలిసి "రద్దయింది: నాన్నగారు" అని ఉంది.

అమ్మ దాన్ని ఊరడించి ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది.

"దీపం ఆరిపోయిందని కూడా అనమే ఈ ఇంట్లో, కొండెక్కిందంటాం. బియ్యం లేకపోతే నిండుకున్నాయంటాం. నువ్వు మనిషిని రాసి పక్కన రద్దని రాస్తావుటే? అంతంత పుస్తకాలు చదువుతావు!"

"నేను రాయలేదమ్మా, అదే..."

"ఏదైతేనేం! ఇంకెప్పుడూ ఆ మీట నొక్కకు. నా మీద ఒట్టే."

నాన్నగారు దుప్పట్లోంచి నవ్వారు. "పోనీలేవే, కంప్యూటరుకేం తెలుసు." కాస్త ఆగి నాతో, "అయినా కాదనడం దేనికమ్మా? జరుపు. జరిపితే పోయె" అన్నారు.

అప్పటినుంచి నేను రద్దు చెయ్యలేదు. కుదరనిదాన్ని తరవాతి రోజుకి జరిపేదాన్ని. ఆఫీసు పనిలో కూడా ఆ మీట దగ్గరికి వెళ్ళేసరికి చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

ఆపరేషన్ తేదీ ఖాయమయింది. కాకినాడలో, శుక్రవారం. దానికి రెండు వారాల ముందు మాట్లాడుతున్నప్పుడు అక్క అడిగింది.

"నాన్నగారూ, ఒకటడుగుతాను, కాదనకండి."

"నేను కాదంటే నువ్వు ఆగింది ఎప్పుడే?"

"నాకు ఆశీర్వచనం చెప్పండి. ఆపరేషన్‌కి ముందు. ఒక్కసారి."

 నాన్నగారు పై పంచె అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చున్నారు.

"ఫోన్లోనా?" అన్నారు చివరికి.

"నేను ఇక్కడ తల వంచుకుంటాను. అమ్మ అక్కడ ఫోను మీద అక్షింతలు వేస్తుంది."

"ఫోను మీద వేస్తే ఫోనుకే దీర్ఘాయుష్షు." ఆ తరవాత గొంతు మారిపోయింది. "చెప్తాను. అప్పుడే చెప్పవలసింది. మంచి వేళ చూసి చెప్తాను. గొంతు కూడా రెండు రోజులు దాచుకోవాలి."

అక్క సరేనన్నట్టు తలూపింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడంతో మొహం కనపడలేదు.

పెద్ద సిస్టరు ఒప్పుకున్నది ఆపరేషన్ వారంలో బుధవారానికే. ఆ బుధవారం సాయంత్రం మంచి వేళ కూడా కుదిరింది. ఆ ఇన్వైటు పేరు మార్చి "ఆశీర్వచనం" అని పెట్టాను. అయితే అదే వారంలో ఇంకొకటి ఉండిపోయింది. దానికి సరిగ్గా ముందు బుధవారం నాన్నగారికి పరీక్ష చేసి రెండు రోజులు మాట్లాడవద్దన్నారు. అప్పుడు దాన్ని రద్దు చెయ్యకుండా ఈ మంగళవారానికి జరిపాను. వారానికి రెండుసార్లు అక్కని వదలరు కాబట్టి ఆ మంగళవారానిది ఇక అక్కర్లేదు. అక్కర్లేదని అక్కకి మెసేజి పెట్టి, దాన్ని అక్కడే వదిలేశాను. నాన్నగారి పేరుతో ఉన్నది, తీసెయ్యబుద్ధి కాలేదు.

దేనికైనా మంచిదని అమ్మ ఒకసారి, "ముందే ఫోన్లో చెప్పి రికార్డు చేసి ఉంచండీ, అది వినుకుంటుంది" అంది.

"ఎవరికని చెప్పనే? ఎదురుగా తల వంచిన మనిషి ఉండాలి. డబ్బాలో పోసి పంపడానికి అదేమైనా ఆవకాయా?" అన్నారు నాన్నగారు. శనివారం నుంచే ఎవరితోనూ మాట్లాడకుండా, సైగలతో గడిపారు. గొంతు దాచుకుంటున్నారు.

సోమవారం పొద్దున్న కాకినాడ ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. చివరి పరీక్షల్లో గొంతు దారి బాగా ఇరుకైనట్టు తేలిందట, శుక్రవారం దాకా ఆగడం మంచిది కాదట. మర్నాడే ఆపరేషన్, ఆ రాత్రికల్లా వచ్చి చేరమన్నారు. అమ్మ సంచిలో బట్టలు సర్దడం మొదలుపెట్టింది. నాన్నగారు సైగ మానేసి, నెమ్మదిగా, "పంచాంగం ఇలా తే అమ్మా" అన్నారు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "సాయంత్రం ఐదింటికి బాగుంది. ఆరవకుండానే వర్జ్యం వచ్చేస్తుంది. ఐదింటికి పిలువు" అన్నారు.

బుధవారం ఇన్వైటుని సోమవారం ఐదింటికి జరిపాను. నా తెర మీద అది బుధవారంలోంచి లేచి సోమవారంలో చక్కగా కూర్చుంది. అక్కకి పంపినట్టు చూపించింది. మెసేజి కూడా పెట్టాను కాని అది లాకరులో ఉన్న ఫోనుకి. ఇన్వైటు చేరితే చాలు, పెద్ద సిస్టరు చూసి పంపిస్తుందనుకున్నాను. అన్నిసార్లూ అలాగే జరిగింది.

సాయంత్రం నాన్నగారు స్నానం చేసి పట్టుపంచె కట్టుకున్నారు. ల్యాప్‌టాపుని పీట మీద పెట్టాను. అమ్మ పళ్ళెంలో అక్షింతలు కలిపి పక్కన పెట్టుకుంది. లింకు తెరిస్తే తెర మీద మేమే కనపడ్డాం: నాన్నగారు, ఆయన భుజం వెనక అమ్మ, ఓ మూల సగం నేను. అవతలి గడి ఖాళీ.

"వార్డులో ఎవరికో ప్రాణం మీదికొచ్చుంటుంది. రానీ" అన్నారు నాన్నగారు.

కూర్చున్నాం. గోడ గడియారం వైపు ఎవరూ చూడనట్టే ఉన్నాం. నేను మళ్ళీ మెయిలు పంపాను. వార్డు మెయిలుకి విడిగా రాశాను. తెలిసినవాళ్ళు ఫోను చేసినా పెరట్లోకి పోయి మాట్లాడేదాన్ని, అలాంటిది అక్క ఆసుపత్రి నంబరు వెతికి చేశాను. నా నంబరుకి విదేశాలకి మాట్లాడే సదుపాయం లేదని ఓ ఆడగొంతు తెలుగులో మర్యాదగా చెప్పింది. అమ్మ ఫోను నుంచి చేసినా అదే గొంతు.

"ఏమిటే, ఏమంటోందే?" అంది అమ్మ.

"ఎవరూ ఏమీ అనట్లేదమ్మా."

వీధిలోంచి కారు డ్రైవరు పిలిచాడు. "అయ్యగారండీ! రావులపాలెం వంతెన మీద బళ్ళాగిపోయేయటండి. ఇప్పుడు బయల్దేరితే మంచిదండి."

"ఆయ్, వస్తన్నారు బాబూ, ఒక్క నిమిషం" అని అమ్మ కేకేసింది.

ఆ ఒక్క నిమిషం అయ్యాక ఇంకో నిమిషం కూర్చున్నాం. నాన్నగారు పంచాంగం ఒకసారి చూసుకుని మూసేశారు. వర్జ్యం వచ్చేసింది. పళ్ళెంలో అక్షింతలు తనే గుప్పిట్లోకి తీసుకుని పై పంచె కొసకి ముడివేసుకున్నారు. లేచి, నా భుజం పట్టుకుని మెట్లు దిగారు.

కార్లో ముందు సీట్లో ఆయన, వెనక మేము. నా ఫోన్లో లింకు మూసెయ్యబోతే, "తీసే ఉంచమ్మా" అన్నారు.

"వర్జ్యమండీ ఇప్పుడు" అంది అమ్మ.

"వర్జ్యమే. ఉంటే ఏం?"

పెళ్ళిళ్ళలో కూడా వర్జ్యం వెళ్ళేదాకా ఎవరినీ కదలనివ్వని మనిషి.  కాలువ పక్కనే పోతున్నాం. కొబ్బరితోటలు దగ్గరగా వచ్చిన చోటల్లా సిగ్నలు పోయేది. నేను మళ్ళీ లోపలికి వెళ్ళేదాన్ని. ఆయన వెనక్కి తిరక్కుండానే కనుబొమలెత్తి అద్దంలోంచి నన్ను చూసేవారు, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. వంతెన దాటాక ఆయన ఊపిరిలో సన్నగా ఈల వినపడడం మొదలయింది. డ్రైవరు హారను మీంచి చెయ్యి తియ్యలేదు.

కాకినాడ చేరగానే ఆయన్ని చూసి, పొద్దుటిదాకా ఆగే స్థితి కాదన్నారు. మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి ఊపిరికి గొట్టం పెట్టాలి, ఇప్పుడే పెట్టాలి అన్నారు. గొట్టం పెట్టాక మాట రాదని మాకెవరూ విడిగా చెప్పలేదు. అడగాలని మాకు తోచలేదు. స్ట్రెచరు మీద లోపలికి తీసుకెళ్ళిపోయారు.

ఆయన్ని బయటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టిన తరవాత నా ఫోన్లో ఖాళీ గడి నిండింది. అక్క. డ్యూటీ దిగి, లాకరు తెరిచి, మెసేజిలు చూసి, అక్కడే నిలబడి లింకు తెరిచింది. టోపీ తీసేసి ఉంది. తల వంచుకోవడానికే వచ్చినట్టుంది, జుట్టు తడిచేసి దువ్వుకుంది.

"నాన్నగారేరే? ఇవ్వవే. ఒక్క నిమిషం ఇవ్వు" అంది.

నేను ఫోను అటు తిప్పలేదు.  ఈలోగా పక్కన నర్సు నాన్నగారి మెడ దగ్గర గొట్టంలోంచి కఫం లాగుతుంటే వచ్చిన చప్పుడు అక్కకి వినపడింది. ఆ చప్పుడు ఏమిటో మా అందరిలోనూ దానికొక్కదానికే తెలుసు. అది లాకరు తలుపుకి నుదురు ఆనించింది.

మర్నాడు స్వరపేటిక తీసేశారు. సోమవారం ఇన్వైటుకి ఏమి జరిగిందో తరవాత తెలిసింది. అక్క ఆ రోజు మెయిళ్ళు నాకు పంపితే, ఇక్కడ రెండు రకాల క్యాలెండర్లు తెరిచి అదే వరస మళ్ళీ తయారుచేసి చూశాను. వాళ్ళ ప్రోగ్రాముకి ఒక పద్ధతి ఉంది. ఒకే వరసలో పుట్టిన ఇన్వైట్లలో వెనకది ముందుదాన్ని దాటి వెళ్ళకూడదు. అక్క పెళ్ళి కాకుండా చెల్లి పెళ్ళి చెయ్యరు, అలాంటిది. మంగళవారం ఒకటి ఉండగా బుధవారానిది దాన్ని దాటి సోమవారానికి వెళ్ళబోయింది. నా ప్రోగ్రాముకి ఆ పట్టింపు లేదు, సరేనంది. వాళ్ళది ఒప్పుకోలేదు, ఒప్పుకోలేదని నాకు చెప్పనూ లేదు. వచ్చిన మార్పుని ఓ మామూలు మెయిలులా పక్కన పెట్టి, బుధవారాన్ని బుధవారంగానే ఉంచింది. పెద్ద సిస్టరు సోమవారం చూస్తే అక్క పేరు పక్కన ఏమీ లేదు. మంగళవారం ఊరికే నిలబడి ఉన్న ఆ ఒక్కదాన్ని రద్దు చేసి ఉంటే దారి ఉండేది. ఈ సంగతి అక్కకి చెప్పాను. అమ్మకి అర్థమయ్యేలా చెప్పే మాటలు నా దగ్గర లేవు, ఉన్నా చెప్పను.

అక్క నెల తిరక్కుండా సెలవు పెట్టి వచ్చింది. గుమ్మం లోపలికి వచ్చి, సూటుకేసు కింద పెట్టి, నాన్నగారి మంచం ముందు నేల మీద కూర్చుని తల వంచింది. మెడ చుట్టూ తెల్ల గుడ్డ కట్టుకుని ఆయన లేచి కూర్చున్నారు. పెదవులైనా కదుపుతారేమోనని నేను చూశాను. కదపలేదు. స్వరం తప్పిన మంత్రం చెప్పకూడదని జీవితమంతా శిష్యులకి చెప్పిన మనిషి, స్వరం లేకుండా చెప్పినట్టు నటించలేరు. అమ్మ అందించిన అక్షింతలు అక్క తల మీద వేశారు. చెయ్యి అక్కడే చాలాసేపు ఉంచారు. ఆ తరవాత గోడవైపు తిరిగి పడుకున్నారు. అక్క అలాగే తల వంచుకుని కూర్చుంది. ఇంట్లో వంటింటి కుక్కరు చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు తెల్లవారితే అరుగు ఊరికే ఉంటుంది. నాన్నగారు దాని మీద కూర్చుని వీధిలో పోయేవాళ్ళకి చెయ్యెత్తుతారు. బుధవారాలు అక్క వస్తుంది. తెరకి అటువైపు తను, ఇటువైపు ఆయన. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు. మాట్లాడేది అమ్మే. ఆ ఇన్వైటు వరస నేను మార్చలేదు, ఆయన కూడా ఇప్పుడు వేళ జరపమని అడగరు.

సెలవు అయిపోయి గల్ఫ్‌కి తిరిగి వెళ్ళేముందు ఒకరోజు అక్క పెరట్లో బట్టలు ఆరేస్తూ అడిగింది, "ఆ రోజు చివర్లో నాన్నగారు నా గురించి ఏమైనా అన్నారే?" అని. చెప్పాను. తాడు మీద తడిచీర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ రాత్రి ఆసుపత్రి తలుపు దగ్గర స్ట్రెచరు ఒక్క క్షణం ఆగింది. లోపల ఎవరో మంచం జరుపుతున్నారు. ఆయన ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు ఉంది. ఓ చేతిలో పై పంచె ముడి, అలాగే పట్టుకుని ఉన్నారు. రెండో చేత్తో మాస్కు పక్కకి లాగి నన్ను దగ్గరికి రమ్మన్నారు. నేను వంగాను. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"మళ్ళీ ఓసారి చూడమ్మా, వచ్చిందేమో."